ప్రోగ్రామరు పనిముట్లు – మన పేర్లు

కంప్యూటరును గురించి వ్యాసం వ్రాయమంటే మన విద్యార్థులు ఛార్లెస్ బాబేజీతో ప్రారంభించి, మానవుడు చంద్రునిపై కాలు మోపిన వైనం మీదుగా వచ్చి, కంప్యూటరు మనకు సేవకుడా లేక యజమానా అన్న ప్రశ్నతో ముగించడం ఆనవాయితీ అయినది. అటువంటి వ్యాసాలకు బహుమతులు కూడ వచ్చినవి. మేము వాటిని ఆక్షేపించడం లేదు. కాని వడ్రంగి పనిని గురించి వ్రాయదలచినవాడు ఉలి, బాడిస, చిత్రికల ఊసే ఎత్తకుండ అడవుల సౌందర్యాన్ని వర్ణించి ఊరుకుంటే ఎట్లుంటుందో, ప్రోగ్రాము వ్రాసేవాడు దినదినం చేతపట్టే సాధనాలను విడిచి కంప్యూటరు మహిమను కీర్తించడం అట్లే ఉంటుంది. ఆ లోటు కొంతైనా పూడ్చవలెనన్నది మా ప్రయత్నం.

పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిదై, 2016 నుండి జగిత్యాల జిల్లాలో చేరిన ధర్మపురిలో, గోదావరి ఒడ్డున కూర్చొని ఈ వృత్తి చేసుకొనేవారు ఈనాడు ఉన్నారు. 2020 లో కరోనా మూలంగా కార్యాలయాలు మూతపడగా నగరాల నుండి ఇంటికి వచ్చినవారు కొందరు, ఊరు విడువకుండానే పని నేర్చినవారు కొందరు. మేమును ఆ కోవలోని వారమే. మా పని సాధనాలు నాలుగైదుకు మించవు. వ్రాయడానికి ఒక ఎడిటరు, వ్రాసినదాని చరిత్రను భద్రపరచడానికి గిట్, వెదకడానికి గ్రెప్, సరిచూడడానికి కొన్ని పరీక్షలు, ఏనాటి విషయం ఆనాడు వ్రాసిపెట్టుకొనే ఒక దినచర్య ఫైలు. ఇవి ఏ కళాశాలలోనైనా నేర్పవలసినవే. కాని తెలుగు, ఉర్దూ రెండును నడిచే మనవంటి కళాశాలలో వీటిని నేర్పకపోవడం ఒక అన్యాయమని మా నిశ్చితాభిప్రాయం. ఎందుకన్నది చెప్పడానికి కొంత దూరం నడవవలసి ఉన్నది. పాఠకులు ఓపిక పట్టవలెను.

మొదట ఒక చిన్న ప్రశ్న. ‘ధర్మపురి’ అన్న పేరులో ఎన్ని అక్షరాలున్నవి? ఒకటవ తరగతి బాలుడు వేళ్ళు మడిచి ధ, ర్మ, పు, రి అని లెక్కించి నాలుగు అంటాడు. పైథాన్ భాషలో ఆ పేరు పొడవు ఎంతని అడిగితే ఎనిమిది అన్న జవాబు వస్తుంది. అదే పేరును ఫైలులో వ్రాసి, ఫైలు ఎన్ని బైట్లున్నదో చూస్తే ఇరువది నాలుగు కనబడుతుంది. ముగ్గురిలో ఎవ్వరూ అబద్ధమాడలేదు. 1991 లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగు లిపికి 0సి00 మొదలు 0సి7ఎఫ్ వరకు 128 స్థానాలను కేటాయించినది. అందులో హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు ఒక సంఖ్య, పొల్లుకు ఒక సంఖ్య. కావున యంత్రం దృష్టిలో మన ఊరి పేరు ధ, ర, పొల్లు, మ, ప, కొమ్ము, ర, గుడి – వెరసి ఎనిమిది. ఇక ఆ సంఖ్యలను ఫైలులో వ్రాసే పద్ధతి యు.టి.ఎఫ్. 8. దీనిని 1992 లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చొని రూపొందించినారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు. మూడెనిమిదులు ఇరువది నాలుగు.

దీనికి ఒక ఉపకథ కలదు. చదువరి కంటికి ఒక అక్షరంగా కనిపించే భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించడానికి యూనికోడ్ వారికి వేరే నియమావళి ఉన్నది. చాలాకాలం ఆ నియమాల ప్రకారం ధర్మపురికి అయిదు అక్షరాలు వచ్చేవి. ‘ర్’ వేరు, ‘మ’ వేరు. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న నియమం చేరినది. అప్పటికి గాని మన ఒకటవ తరగతి బాలుని లెక్క ప్రపంచ ప్రమాణం కాలేదు!

అదే పేరును ఉర్దూలో కలిపి వ్రాసి చూడండి. దాల్, దో చష్మీ హే, రే, మీమ్, పే, వావ్, రే, యే. ఇవియును ఎనిమిదే! అయితే ఈ ఎనిమిది వేరు, ఆ ఎనిమిది వేరు. తెలుగులో ‘ధ’ ఒకే గుర్తు; ఉర్దూలో దాల్ ప్రక్కన దో చష్మీ హే చేరితే గాని ఒత్తు పలుకదు. తెలుగులో పొల్లు అనే గుర్తు ఉన్నది. ఉర్దూలో దానిని సాధారణంగా వ్రాయరు. ఉర్దూ అక్షరానికి రెండే బైట్లు గనుక మొత్తం పదహారు. ఒకే ఊరు, ఒకే ఉచ్చారణ, లెక్కలు మాత్రం వేరు. ఒకే లిపి ఎరిగినవానికి ఈ తేడా పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యం. రెండు లిపులు ఎరిగినవానికి ఇది చేతిలోని వస్తువు.

ఇదంతా పండితుల వినోదమని అనుకోరాదు. ఒక పట్టికలో పేరుకు ఏబది బైట్ల స్థలం ఇచ్చినారనుకొందాము. ఇంగ్లీషు పేర్లకు అది పుష్కలం. మన ఊరి దేవుని పేరు పెట్టుకొన్న ఒక వ్యక్తి, లక్ష్మీనరసింహస్వామి, తన పేరును తెలుగులో నమోదు చేయించుకొనబోతే అది పందొమ్మిది గుర్తులు, ఏబది యేడు బైట్లు. ‘స్వ’ దగ్గరకు వచ్చేసరికి నలుబది ఎనిమిది నిండిపోతవి. దీర్ఘానికి మూడు బైట్లు కావలసి ఉండగా రెండే మిగులుతవి. పేరు చివర ఒక నల్లని పెట్టెయో ప్రశ్నార్థకమో వెలుస్తుంది. ఆ పట్టికను తయారుచేసినవాడు దుర్మార్గుడు గాడు. అతడు తన పేరుతో సరిచూసుకొన్నాడు. అది చక్కగా పట్టినది. సెల్‌ఫోను సందేశాలలోనూ ఇంతే. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతవి. తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాస్తే 70 కే నిండిపోతుంది. అందులో ధర్మపురి అన్న మాటయే ఎనిమిదింటిని తినివేస్తుంది.

అసలు విషయానికి వస్తున్నాము. ఉపకార వేతనపు దరఖాస్తులో పదవ తరగతి పత్రంలోని పేరు ఒక తీరుగను, ఆధార్ కార్డులోని పేరు మరొక తీరుగను ఉండి దరఖాస్తు నిలిచిపోవడం మన విద్యార్థులకు క్రొత్త గాదు. నిలిపివేసినది గుమాస్తా కాదు. రెండు పేర్లనూ బైటు బైటుగా పోల్చి ‘సమానం కాదు’ అని తేల్చిన ఒక పంక్తి ప్రోగ్రాము. మన తరగతిగదులలో అతి సాధారణమైన పేరునే తీసుకొనండి. తెలుగులో మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్, మహ్మద్ అని నాలుగు విధాలుగా వ్రాస్తున్నాము. ఇంగ్లీషులో ఇంకను ఎక్కువ; పైగా ‘ఎండీ’ అనే రెండక్షరాల సంక్షేపం ఒకటి తెలంగాణమంతట వ్యాపించి ఉన్నది. ఊరి బయటివారు ఆ ఎండీని చూచి వైద్యపట్టమని భ్రమించిన సందర్భాలూ లేకపోలేదు. ఉర్దూలో మాత్రం ఆ పేరు మీమ్, హే, మీమ్, దాల్ – ఆ నాలుగక్షరాలే. ఏ పాఠశాలలో చేర్చినా, ఏ పట్వారీ వ్రాసినా ఆ వర్ణక్రమం మారదు. అంటే, పేర్లు పోల్చే ప్రోగ్రాము వ్రాసేవానికి ఉర్దూ తెలిసి ఉంటే, తెలుగులోను ఇంగ్లీషులోను చెదరిపోయిన రూపాలన్నిటినీ ఒక్క త్రాట కట్టగల ఆధారం అతని చేతిలో ఉన్నట్లే. మరొక దిక్కున, ఉర్దూలో హ్రస్వస్వరాలను సాధారణంగా వ్రాయరు గనుక ఒక పేరును ఎట్లు పలుకవలెనో తెలుగు లిపి చెప్పినంత స్పష్టంగా ఉర్దూ లిపి చెప్పదు. రెండింటి బలహీనతలు వేరువేరు. కలిపి వాడితే ఒకదాని కొరతను మరొకటి తీర్చగలదు. ఈ పని హైదరాబాదు నుండియో బెంగుళూరు నుండియో ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూడడంలో అర్థం లేదు.

ఇంటిపేరు సంగతి మరొకటి. ఫారములో ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గళ్ళు పెట్టి రెండును తప్పనిసరి చేస్తారు. తెలుగువారి ఇంటిపేరు మొదట వస్తుంది, చివర కాదు. మన ముస్లిం సోదరులలో అనేకులకు ఇంటిపేరన్నదే ఉండదు. గడి నింపనిదే ముందుకు పోనివ్వదు గనుక ఒకరు చుక్క పెడతారు, ఒకరు ఉన్న పేరునే రెండుమార్లు వ్రాస్తారు, మరొకరు తండ్రి పేరును ఇరికిస్తారు. ఆ చుక్కయే తరువాతి కార్యాలయంలో అభ్యంతరమై కూర్చుంటుంది.

కంటికి కనబడని చిక్కులు ఇంతకంటె మొండివి. ఉర్దూ ‘యే’కు యూనికోడ్‌లో ఒక సంఖ్య, అరబీ ‘యా’కు మరొక సంఖ్య. మాట నడుమ వచ్చినప్పుడు రెండును ఒకే తీరుగ కనిపిస్తవి. అరబీ కీబోర్డుతో ఒకరు, ఉర్దూ కీబోర్డుతో ఒకరు ఒకే పేరును టైపు చేస్తే కాగితంపై భేదం ఉండదు. వెదికే యంత్రానికి మాత్రం అవి రెండు పేర్లు. కాఫ్ అక్షరానికీ ఇదే గతి. తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ కు వ వత్తు కాకుండ విడిగా నిలిపేందుకు మధ్య ఒక అదృశ్యపు గుర్తును పెడతాము. పెట్టినవాని మాట వేరు, పెట్టనివాని మాట వేరు. పోల్చడానికి ముందు ఇటువంటివాటిని ఒక్క రూపానికి తెచ్చుకొనడం ప్రోగ్రామరు నిత్యకృత్యాలలో మొదటిది కావలెను.

ఈ అదృశ్యపు గుర్తు ఒకమారు ప్రపంచాన్నే కలవరపెట్టినది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం, నడుమ ఆ గుర్తుతో సహా, సందేశంగా వస్తే ఆపిల్ వారి ఐఫోన్లలోని అనువర్తనాలు కుప్పకూలినవి. జ, పొల్లు, ఞ, అదృశ్యపు గుర్తు, దీర్ఘం – ఈ అయిదింటి వరుసను తెరపై చిత్రించలేక వాటి యంత్రాంగం తల్లక్రిందులైనది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 కూర్పుతో దోషాన్ని సవరించినారు. పత్రికలు దీనిని ఒక విచిత్రవార్తగా ప్రకటించి నవ్వుకొన్నవి. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని కూల్చినదని చమత్కారాలు కూడ పుట్టినవి. మాకు అది నవ్వులాటగా తోచలేదు. కోట్ల మంది వాడే భాషలోని ఒక వరుసను పరీక్షల పట్టికలో ఎవ్వరూ చేర్చకపోవడమే దానికి మూలం. పరీక్షించే చోట తెలుగు తెలిసినవాడు ఉంటేనే చాలదు. తెలుగు తెలిసినవాడు తన భాషతో పరీక్షించే అలవాటు కలిగి ఉండవలెను.

అందుకే మా సాధనాలలో మేము అన్నిటికంటె విలువైనదిగా ఎంచేది ఒక చిన్న ఫైలు. అందులో పేర్లు తప్ప మరేమీ లేవు. ధర్మపురి, లక్ష్మీనరసింహస్వామి, జ్ఞానేశ్వర్, మహమ్మద్ యొక్క నాలుగు రూపాలు, అవే ఉర్దూలో, రెండు యేలతోను వ్రాసిన పేర్లు, ఇంటిపేరు లేని పేరు, ఒకే అక్షరపు పొడి పేరు, చివర ఖాళీ స్థలం పొరపాటున పడిన పేరు. ఏ క్రొత్త ప్రోగ్రాము వ్రాసినా, ఎవరి ప్రోగ్రామును తెచ్చుకొన్నా, ముందుగా ఈ పేర్లన్నిటినీ దాని గుండా పంపి చూస్తాము. అవి చెక్కుచెదరకుండ ఆవలికి వస్తే మిగిలిన సంగతులు.

ఇక ఎడిటరు. ఎడిటర్లను గురించి ప్రోగ్రామర్లు చేసే వాదాలు మన తార్కికుల వాదాలకు తీసిపోవు. మేము ఆ తగవులోనికి దిగము. ఒక్క విమ్ ఎడిటరును గురించి మాత్రం చెప్పక తప్పదు. నెదర్లాండ్స్ దేశస్థుడు బ్రామ్ మూలెనార్ 1991 లో దానిని వెలువరించి, 2023 ఆగస్టులో కన్నుమూసేవరకు దాని బాధ్యతను తానే వహించినాడు. ఎవ్వరివద్దను వెల తీసుకొనలేదు. దానిని వాడేవారు ఇష్టముంటే ఉగాండా దేశంలోని అనాథ బాలలకు సహాయం చేయవలసినదని మాత్రం కోరినాడు. ప్రోగ్రాము తెరచినప్పుడు ఆ విన్నపం కనబడుతుంది. ఏ ఎడిటరైనా సరే, అది వ్రాతను వ్రాతగానే భద్రపరచవలెనన్నది మా నియమం. రంగులు, సోకులు ఫైలులో ఉండరాదు. ఇరువది ఏండ్ల తరువాత ఏ యంత్రంలో తెరచినా ఆ అక్షరాలే కనబడవలెను.

ఈ నియమం ఎంత గొప్పదో తెలియవలెనంటే మన కళాశాల సంచికల వంటి వాటినే చూడవచ్చును. తెలుగు పుటలను చాలా అచ్చుకూటాలలో అను మొదలైన పాత తరహా ఫాంట్లలో కూర్చినారు. ఆ పద్ధతిలో ఫైలులో ఉండేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలపై తెలుగు ముక్కలను తొడిగినారు. ఫాంటు తీసివేస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు మిగులుతుంది. ఉర్దూ పుటల కథ మరింత ఆసక్తికరం. నస్తాలీఖ్ వ్రాతలో అక్షరాలు వాలుగా, మెట్లుమెట్లుగా దిగుతవి. దానిని యంత్రానికి లొంగదీయడానికి మిర్జా అహమద్ జమీల్ సుమారు ఇరువదివేల అక్షర సముదాయాలను చిత్రించవలసి వచ్చినది. 1981 లో అది నూరీ నస్తాలీఖ్‌గా పత్రికా ముద్రణలోనికి వచ్చినది. 1994 లో వచ్చిన ఇన్‌పేజ్ అనే ప్రోగ్రాము ఉర్దూ కాతిబు కలాన్ని దాదాపు విశ్రాంతికి పంపినది. ఆ మేలును మరువరాదు. అయితే దాని తొలి కూర్పులలోని ఫైళ్ళు కూడ తమ స్వంత సంకేతాలలోనే ఉండిపోయినవి; వాటిని వెదకలేము, ప్రత్యేకపు మార్పిడి సాధనం లేనిదే ఇతర ప్రోగ్రాములలోనికి తేలేము. అచ్చయిన కాగితం మిగిలినది. అక్షరం మాత్రం తాళం వేసిన పెట్టెలో ఉన్నది.

ఆ తాళాలు తీసిన తెలుగువారు కొందరున్నారు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉండిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాసే పద్ధతిని రూపొందించినారు. 2003 లో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున, పాత ఫాంట్లలోని వ్రాతను యూనికోడ్‌లోనికి మార్చే పద్మ అనే సాధనాన్ని తయారుచేసినారు. వీరెవ్వరూ ఇందుకోసం ఒక సంస్థను గాని ప్రభుత్వ ఉత్తర్వును గాని ఎదురుచూడలేదు. చేతిలో ఉన్న పనిముట్లతో తమ భాషకు కావలసినది తామే చేసికొన్నారు.

ఉర్దూ చదివే మిత్రులకు సంతోషం కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పి ముందుకు సాగుతాము. యూనికోడ్ సంఖ్యలను చూచి ఏ అక్షరం క్రింద ఏ వత్తు కూర్చవలెనో, ఏ నస్తాలీఖ్ అక్షరం ఎంత దిగవలెనో నిర్ణయించే ప్రోగ్రాము ఒకటి ఈనాడు ఆండ్రాయిడ్ ఫోన్లలోను, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ విహరిణులలోను, లిబ్రె ఆఫీసులోను పనిచేస్తున్నది. దాని పేరు హార్ఫ్‌బజ్. అది పారశీకంలోని ‘హర్ఫ్’, ‘బాజ్’ అన్న మాటల నుండి పుట్టినది. హర్ఫ్ అంటే అక్షరమని మన ఉర్దూ తరగతిలో మొదటి దినమే చెబుతారు. తెలుగు ‘ర్మ’ను మన ఫోనుపై కూర్చేది ఆ హర్ఫే.

గిట్ విషయంలో మేము కొంత ఎక్కువసేపు నిలువదలచినాము. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీనిని వ్రాసినాడు. అంతవరకు లినక్స్ బృందం వాడుతూ వచ్చిన మరొక సాధనపు ఉచిత వినియోగానికి దాని యజమానులు స్వస్తి చెప్పడం అందుకు కారణం. విద్యార్థులకు దీనిని ఇంగ్లీషు పదజాలంతో బోధిస్తే బెదరిపోతారు. మన ప్రాంతంలో దీనికి చక్కని పోలిక ఉన్నది. నిజాం కాలపు భూమి దస్తావేజులలో మూలమైనది సేత్వార్. తరువాత ఏటేట పహాణీ. ఆ సంవత్సరం ఎవరు సాగుచేసినారో వ్రాయడానికి పట్వారీ నిరుటి పహాణీని చెరిపివేసేవాడు కాడు, క్రొత్తది వ్రాసేవాడు. నిరుటిది, ముందటేటిది అట్లే ఉండేవి. తగవు వచ్చినప్పుడు వెనుకకు పోయి ఏ యేట ఏమి మారినదో చూసేవారు. గిట్ చేసేది సరిగ్గా అదే. మార్పు చేసిన ప్రతిసారి ఒక కమిట్. ఎవరు చేసినారు, ఎప్పుడు చేసినారు, ఏ పంక్తి పోయినది, ఏ పంక్తి వచ్చినది. పట్వారీ పహాణీకి, గిట్‌కు ఒక భేదం మాత్రం ఉన్నది: ఇక్కడ వెనుకటి పుటను ఎవరైనా గుట్టుగా దిద్దితే ఆ తరువాతి పుటలన్నిటి ముద్రలు చెడిపోయి దొరికిపోతారు.

కమిట్‌తో బాటు వ్రాసే చిన్న వివరణలో ఏమి మార్చినామో కాదు, ఎందుకు మార్చినామో వ్రాయవలెను. ఏమి మారినదో గిట్ తానే చూపుతుంది. ‘సవరణ’, ‘మళ్ళీ సవరణ’, ‘చివరి సవరణ’ అని వ్రాసిన వివరణలు ఎవ్వరికీ అక్కరకు రావు. ‘ఇంటిపేరు లేనివారి దరఖాస్తు నిలిచిపోతున్నందున ఆ గడిని ఐచ్ఛికం చేసినాము’ అని వ్రాస్తే, మూడేండ్ల తరువాత మరొకడు వచ్చి ఆ గడిని తిరిగి తప్పనిసరి చేయబోయే ముందు ఆగి చదువుతాడు. తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా గిట్‌కు అభ్యంతరం లేదు. గిట్ వేరు, గిట్‌హబ్ వేరు అన్నది కూడ విద్యార్థులకు చెప్పవలసినదే. గిట్‌హబ్ 2008 లో మొదలైన ఒక సంస్థ; 2018 లో మైక్రోసాఫ్ట్ వారు దానిని కొన్నారు. గిట్ మన యంత్రంలోనే ఉంటుంది. మొత్తం చరిత్ర ప్రతి ప్రతిలోనూ ఉంటుంది గనుక ఇంటర్నెట్ లేకున్నా పని నడుస్తుంది. వానకాలంలో తీగలు తెగి రోజంతా నెట్ లేని ఊళ్ళలో ఈ గుణం విలువ ఎంతో వేరే చెప్పనక్కర లేదు.

దినచర్య ఫైలును గురించి రెండు మాటలు చాలును. తేదీ, చేయబూనిన పని, కనబడిన దోషసందేశం యథాతథంగా, ప్రయత్నించిన మందులు, పనిచేసినది ఏది. అంతే. కెన్ థాంప్సన్ 1973 లో వ్రాసిన గ్రెప్‌తో అందులో ఏ మాటనైనా క్షణంలో వెదకవచ్చును. అవే దోషాలు ఏడాదికి మూడుమార్లు వస్తవి. మందు మాత్రం జ్ఞాపకం ఉండదు.

కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూను, ఎడమ నుండి కుడికి సాగే ప్రోగ్రామును ఒకే పంక్తిలో వ్రాసేటప్పుడు వచ్చే ఇబ్బంది చేసినవానికే తెలుసు. మీట నొక్కితే సూచిక ఒక దిక్కుకు పోవలసి మరొక దిక్కుకు గెంతుతుంది. ఉర్దూ వాక్యం కుడి నుండి సాగుతున్నా నడుమ వచ్చే సంఖ్య ఎడమ నుండియే చదవవలెను. ఈ దిశలను అదుపుచేయడానికి యూనికోడ్‌లో అదృశ్య సంకేతాలున్నవి. 2021 నవంబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఈ సంకేతాలను దుర్వినియోగం చేస్తే, చూచేవానికి ఒక తీరుగ కనబడి యంత్రానికి మరొక తీరుగ వినబడే ప్రోగ్రామును వ్రాయవచ్చునని నిరూపించినారు. దానికి ట్రోజన్ సోర్స్ అని పేరు. తరువాత ఎన్నో ఎడిటర్లు ఇటువంటి గుర్తులు కనబడితే హెచ్చరించసాగినవి. మంచిదే. కాని కొన్నిచోట్ల భయంతో అన్ని అదృశ్య సంకేతాలనూ నిషేధించవలెనన్న సలహాలు కూడ వచ్చినవి. దొంగ దారిన వచ్చినాడని దారినే మూసివేస్తే ఊరివారు ఎటు పోవలెను? ఉర్దూకు, తెలుగుకు ఆ గుర్తులు విలాసం కాదు, అవసరం. ఈ మాట చెప్పగలవారు చర్చ జరిగే చోట ఉండవలెను.

కృత్రిమ మేధను విడిచి ఈనాడు పనిముట్లను గురించి మాట్లాడలేము. 2021 లో కోపైలట్, 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చినప్పటి నుండి ప్రోగ్రాము వ్రాయడంలో సగం శ్రమ అడిగి తెచ్చుకొనడంగా మారినది. మేమును వాడుతున్నాము, వాడము అనడం బడాయి. అయితే అడుగడానికి ముందు అప్పటి స్థితిని కమిట్ చేసి ఉంచుతాము. ఇచ్చిన మార్పును పంక్తి పంక్తి చదువుతాము. ఆపై మా పేర్ల ఫైలును దాని గుండా పంపుతాము. అది వ్రాసి ఇచ్చే ఉదాహరణలలో తరచు ఇంగ్లీషు పేర్లే కనబడుతున్నవి. మొదటి పేరు, చివరి పేరు అన్న రెండు గళ్ళు కూడ అది తానే తెచ్చిపెడుతున్నది. పాత ప్రపంచం వ్రాసిపెట్టినదాన్ని చదివి నేర్చిన యంత్రం గనుక పాత ప్రపంచపు అలవాట్లు దానికి అబ్బినవి. చెప్పి మాన్పించవచ్చును, చెప్పవలెనని మనకు తోస్తే!

ప్రోగ్రామింగుకు ఇంగ్లీషు చాలదా, ఈ లిపుల గొడవ ఎందుకని అడిగేవారున్నారు. ఉద్యోగం కోసమైతే చాలును. పైథాన్ 3 లో ‘ధర్మపురి’ అని చరరాశికి పేరు పెట్టవచ్చునని మేము విద్యార్థులకు చూపించినాము, వారు సరదాపడినారు, అంతకు మించి ఆ సౌకర్యం కోసం మేము పట్టుబట్టడం లేదు. మా వాదం ప్రోగ్రామును ఏ భాషలో వ్రాయవలెనన్నది కాదు. ఆ ప్రోగ్రాములో ప్రవేశించే మనుష్యుల పేర్లు ఏ భాషలో ఉన్నవన్నది. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యానికీ ఒకే మకుటాన్ని ఉంచినాడు. ఒకమారు కూర్చి పలుమార్లు వాడుకొనడం మన ఊరికి కొత్త విద్య కాదు. పేర్లను శుభ్రపరచి పోల్చే విధానాన్ని కూడ ఒకమారు శ్రద్ధగా వ్రాసిపెడితే ఎన్ని ప్రోగ్రాములలోనైనా దానిని పిలుచుకొనవచ్చును.

కళాశాల పెద్దలకు మా మనవి మూడు అంశాలలో ఇమిడిపోతుంది. మొదటి సంవత్సరం విద్యార్థులకు, ఏ కోర్సువారైనా సరే, సాదా వ్రాత, యూనికోడ్, గిట్ – ఈ మూడింటికి పది తరగతులు కేటాయించవలెను. ఇకమీదట ఈ సంచిక రెండు విభాగాలనూ యూనికోడ్‌లో కూర్పించి, ఆ వ్రాతను గిట్‌లో ఉంచవలెను. ఉర్దూ విభాగం కుడి అట్ట నుండి, తెలుగు విభాగం ఎడమ అట్ట నుండి మొదలై మధ్యలో కలిసే పుస్తకాన్ని తప్పులు లేకుండ కూర్చగల విద్యార్థికి ఏ సంస్థ పరీక్ష పెట్టినా భయం ఉండదు. ఇక పేర్ల ఫైలు. ప్రతి విద్యార్థి తన ఇంట్లోని వారి పేర్లను, పత్రాలలో అవి ఎన్ని విధాలుగా పడినవో అన్ని రూపాలనూ, రెండు లిపులలో తెచ్చి ఇవ్వవలెను. ఆ పేర్లను ఎవరివో గుర్తు తెలియకుండ ముక్కలు చేసి కలిపి ఉంచవలెను. అంకెలు, చిరునామాలు దానిలోనికి రారాదు.

ఇందుకు కావలసిన వ్యయం స్వల్పం. పైన చెప్పిన ఎడిటరు, గిట్, గ్రెప్, పైథాన్ వెల లేనివే. ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లు సరిపోతవి. పాత సంచికలను తిరిగి టైపు చేయగల విద్యార్థులు దొరుకుతారు. దిద్దుబాటుకు మాత్రం తెలుగు, ఉర్దూ అధ్యాపకులు చెరి ఒకరు వారానికి రెండు గంటలు కూర్చొనవలసి ఉంటుంది. వార్షిక పరీక్షలు ముగిసి ఫలితాలు వెలువడే లోపల ఉండే వారాలు అందుకు అనువైనవని మా సూచన.